నీటికుక్కల తరుగు

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా మంచుపొడిలో ఉన్నాయి. పక్కనే పెట్టెలో చేపలు పేరుస్తున్న అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోన్ తీసి కోడలి చెవికి ఆనించింది. అవతల యూనివర్సిటీ ప్రొఫెసరమ్మ.

"పరిశోధనకి నువ్వడిగిన అంశానికి ఒప్పుకున్నారమ్మా. నీటికుక్కలు ఏం తింటాయన్నదే. మీ రిజర్వాయర్‌లోనే. వచ్చే వారం మొదలుపెట్టు."

ఆమె వేసిన కేకకి రేవులో తూకం ఆగిపోయింది. చేపల గురించీ అడవి జంతువుల గురించీ కలిపి చెప్పే ఆ పెద్ద చదువులో చేరిన రోజు నుంచి ఆమె కోరుకున్నది ఇదే. చేతులకి మంచు ఉందన్న సంగతే మరిచి అత్తను వాటేసుకుంది.

"చచ్చాన్రా దేవుడా, వీపు గడ్డకట్టింది!" అత్త గంతేసింది. "ఇంతకీ ఏం చెయ్యాలంట?"

"వాటి పెంట ఏరుకొచ్చి, కడిగి, అందులో ఎముకలూ పొలుసులూ ఏ చేపవో చూడాలత్తా."

"దొడ్లో కోళ్ల పెంట ఎత్తమంటే తలనొప్పంటావు. దీనికి యూనివర్సిటీ కావాలా?"

పెట్టెలు మోసేవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది. కొత్తగా పెళ్లయిన పిల్ల. ఏం విన్నా నవ్వొచ్చే రోజులవి.

నవ్వనిది తూకం వేసే గుమాస్తా ఒక్కడే. "ఏం తింటాయో కాంట్రాక్టర్‌గారికి తెలుసులే. మన చేపల్నే," అంటూ అత్త పెట్టెను కాటా మీదకి లాగాడు. పది కిలోలకి కిలో చొప్పున ‘నీటికుక్కల తరుగు’ కొట్టేశాడు. నీళ్లు గుత్తకు తీసుకున్నది కాంట్రాక్టర్, పడవలు అతనివే. అతని లెక్కలో చేప తగ్గింది, నీటికుక్కలు మింగేశాయి, నష్టం మాత్రం వలలు వేసేవాళ్లు భరించాలి. అత్త తలొంచుకుని తర్వాతి పెట్టె అందించింది. కోడలి నవ్వు అక్కడే ఆగిపోయింది.

అంతలో భర్త పడవ ఒడ్డు చేరింది. ఆమె మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తింది.

"బావా! ఒప్పుకున్నారు!"

అతని మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాచబోయి, గబుక్కున వెనక్కి దాచుకున్నాడు. ఆమె తొంగిచూసింది. ఇనప ఉచ్చులు.

"ప్రతి పడవకీ ఇచ్చారు," అన్నాడు మెల్లగా. "నీటికుక్కల్ని పట్టి చంపాలంట. రేపు పొద్దునకల్లా వెయ్యకపోతే పడవ లాగేసుకుంటారంట."

ఇంటికొచ్చాక ఆమె కూర్చోలేకపోయింది. పొయ్యి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరిగింది. చివరికి కూరకి తెచ్చిన చేపల పొలుసులు కడిగి, కాలేజీ భూతద్దం కంటికి ఆనించుకుంది.

"ఒక కన్ను మూస్తే ఎంత ముద్దొస్తున్నావో," అన్నాడు భర్త.

"ఊరుకో బావా, చూడనీ. పొలుసు మీద ఏడాదికో గీత పడుతుంది. ఇవన్నీ ముదురు చేపలు. కిందటి వారం పట్టినవాటిలోనూ అంతే. నీ వల సన్నకన్నుదేగా, ఏడాది పిల్లలు ఒక్కటీ పడలేదేం?"

"నీటికుక్కలు తినేసుంటాయి."

"తినుండొచ్చు. అవి చేపలు తినవని నేనెక్కడన్నాను? కానీ ఒక్కటంటే ఒక్కటీ మిగల్చకుండానా?" ఆమె అత్త వైపు తిరిగింది. "అత్తా, కాంట్రాక్టర్ ఏటా చేపపిల్లల్ని తెప్పించి నీళ్లలో వదలాలిగా, పోయినేడు ఆ బండి వచ్చిందా?"

అత్త గరిటె తిప్పుతూనే ఉంది. "వచ్చిందని చెప్పారు."

"నువ్వు చూశావా?"

"నేను చూళ్లేదు. ఎవ్వరూ చూళ్లేదు."

"మరి అడగలేదా?"

"అడిగితే పడవుంటుందా, పిచ్చిదానా? నువ్వొచ్చి చెప్పాలా మాకు?" అత్త గొంతు ఒక్కసారిగా లేచింది. "కూడు పోతుందని నోరు మూసుకున్నాం. ఇప్పుడు వాళ్లు చేసిన దానికి ఆ మూగజీవాల్ని మా చేతే చంపిస్తారు. చంపాక తరుగు కొట్టడం మానేస్తారా?"

భర్త లేచి ఉచ్చులు గోనెసంచిలో వేసి మూతి కట్టాడు.

"నేను వెయ్యను," అన్నాడు. "పడవ పోతే కూలికెళ్తా."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు. తన చదువు మొదలవకముందే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందా?

"ఒక్కడివే వెళ్తే పడవా పోతుంది, నువ్వూ పోతావు," అంది అత్త. పొయ్యి తగ్గించి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికత్తా?"

"మన వరసలో ఇళ్లన్నిటికీ. ఆ అద్దం, పొలుసులూ పట్టుకుని నువ్వూ రా. రేపు ఎవరూ ఉచ్చులు వెయ్యరు, పెట్టెలు కాటా ఎక్కించరు. చేపపిల్లల బండి ఎప్పుడొచ్చిందో, ఎక్కడ వదిలారో ఆ కాంట్రాక్టరే రేవుకొచ్చి మనందరికీ చెప్పాలి. అప్పుడే తూకం."