గడ్డకట్టింది ఏదైనా ఇవ్వండి

టైలరమ్మకు ఇవ్వడం వచ్చినంత బాగా పుచ్చుకోవడం రాదు. ఆ వీధిలో ఎవరింట్లో పిల్ల పుట్టినా ముందు వెళ్ళేది ఆవిడ కుట్టిన చిన్న చొక్కాయే. బదులుగా వాళ్ళు ఏ గిన్నెలోనో ఏదో పెట్టి పంపితే మాత్రం, "ఇప్పుడే తిన్నామమ్మా, వేరే ఎవరికైనా ఇవ్వండి" అని గుమ్మంలోంచే సాగనంపేది. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కొడుకును పెంచిన మనిషి. ఎవరి ముందూ చెయ్యి చాపలేదన్నది ఆవిడ ఒంటి మీదున్న ఒకే ఒక్క నగ.

అలాంటి మనిషి, తుఫాను వచ్చే రోజు పొద్దున్నే ఇంట్లో ఫ్రీజరు ఖాళీ చేసి కూర్చుంది.

ఆ ఫ్రీజరు గురించి చెప్పాలి. కోడలు పనిచేసే సూపర్ మార్కెట్టులో పాతబడిందని తీసేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నారు. పడుకోబెట్టిన బీరువాలా ఉంటుంది, మూత పైకి లేస్తుంది. వంటగదిలో సగం అదే. దాని అడుగున ఒక మూల చిన్న చిన్న సంచుల్లో గడ్డకట్టిన పాలున్నాయి. అవి కోడలి పాలు. నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల వంతెన అవతల ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. పోతపాలు ఆ పిల్ల పొట్టకు పడలేదు. తల్లిపాలైతేనే, అదీ గొట్టంలోంచి చుక్కచుక్కగా పోస్తేనే కడుపులో నిలుస్తున్నాయి. ఇంతలో కోడలికి జ్వరం తగులుకుంది. వేసుకునే మందు పాలలోకి దిగుతుందని, మందు అయిపోయేదాకా కొత్త పాలు పట్టవద్దని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి ముందు పిండి దాచిన ఆ సంచులే పిల్లకు ఆధారం.

వంతెన మూసేస్తారని తెలిసి, కొడుకు కొన్ని సంచులు ఐసు డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రిలో ఉండిపోవడానికి బయలుదేరాడు. వెళ్ళేముందు చిన్న జనరేటరొకటి తెచ్చి పెరట్లో రేకు కింద పెట్టాడు. మైకులు అద్దెకిచ్చే కొట్టువాడు అమ్మేసిన పాతది. తల్లిని పక్కన నిలబెట్టుకుని పాఠం చెప్పాడు.

"ఈ చోకు ఇటు లాగాలమ్మా. తర్వాత తాడు. మెల్లగా కాదు, ఒక్క గుంజు గుంజాలి."

"కాళ్ళతో బతికినదాన్నిరా నేను. చేతులతో గుంజమంటే ఎలా?"

"మరి జ్వరంతో ఉన్నదాన్ని గుంజమంటావా? ఇంకో మాట విను. వానొస్తోంది కదా అని దీన్ని లోపలికి లాక్కొచ్చేవు. దీని పొగలో విషం ఉంటుంది, కంటికి కనపడదు, ముక్కుకు తెలీదు. ఇక్కడే ఉండాలి. ఇటువైపు కిటికీలు మూసే ఉంచు. బంకులు మూసేశారు, ఉన్న పెట్రోలు ఈ డబ్బాడే. కాసేపు నడిపి, చాలాసేపు ఆపు."

తల ఊపింది. కొడుకు వెళ్ళిపోయాడు. కోడలు మందు మత్తులో నిద్రపోతోంది. టైలరమ్మ ఆ పిడికెడు జనరేటరును చూసింది, వంటగదిలో ఏనుగంత ఫ్రీజరును చూసింది. ఆవిడ బుర్రలో ఒక లెక్క కుదిరింది. ఇంత చిన్నది తయారుచేసే చలి ఎంతని? ఆ కాస్తా కోడిమాంసం, బఠానీలు, రొట్టెలు పంచేసుకుంటే నా మనవరాలి పాలకు మిగిలేదేముంది?

అనుకున్నదే తడవుగా బఠానీల సంచులు మేడమీది లెక్కల మాస్టారికి, కోడిమాంసం ఎదురింటి డ్రైవరుకి, రొట్టెలు, మొక్కజొన్న గింజలు మూల మీద చేపల కొట్టామెకి ఇచ్చేసి వచ్చింది. ఐసు ముక్కలు సైతం తొట్టిలో పారబోసింది. ఇంత పెద్ద పెట్టెలో పాలు ఒక్కటే దర్జాగా పడుకున్నాయని తృప్తిగా చూసుకుని మూత వేసింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగడంతో మెలకువ వచ్చిన కోడలు గోడ పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. పాలెలా ఉన్నాయోనని మూత కాస్త ఎత్తి చూసింది.

"అత్తయ్యా, ఇందులో సామానేదీ?"

"ఇచ్చేశానమ్మా. చలంతా పాపకే దక్కుతుందని."

కోడలు మూత వేసి, దాని మీదే చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. "మా స్టోరులో కరెంటు పోతే, సగం సగం ఉన్నవన్నీ తీసి ఒక్కదాంట్లో కుక్కేస్తాం అత్తయ్యా. నిండుగా ఉంటే గడ్డలు ఒకదాన్నొకటి పట్టుకుని చలిని పోనివ్వవు. ఖాళీగా ఉంటే అంతా గాలే. గాలిలో చలి ఆగదు. ఇలా ఉంటే జనరేటరు ఆపిన కాసేపటికే పాలు కరగడం మొదలెడతాయి."

"అయితే సీసాల్లో నీళ్ళు పోసి నింపేస్తాను."

"మామూలు నీళ్ళు పెడితే పాలలో ఉన్న చలి అవి లాగేస్తాయి. గడ్డకట్టినవే కావాలి."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది టైలరమ్మకు.

గొడుగు గాలికి నిలవదని నెత్తిన ప్లాస్టిక్ సంచీ కట్టుకుని మేడ మెట్లెక్కింది. మాస్టారు తలుపు తీశాడు. నోరు తెరిచింది.

"ఏం లేదు మాస్టారూ. తలుపులు గట్టిగా వేసుకున్నారో లేదోనని."

"వేసుకునే ఉన్నానమ్మా. మీరే కొట్టి తీయించారు."

మెట్లు దిగింది. కింద మెట్టు మీద వానలో నిలబడింది. గాజుపెట్టెలో బొటనవేలంత పాదం కళ్ళ ముందు కదిలింది. మళ్ళీ ఎక్కి, మళ్ళీ కొట్టింది.

"నేనిచ్చిన బఠానీలు ఇంకా ఉన్నాయా?"

"పొద్దున ఇచ్చారు. ఇప్పటికే ఖాళీ చెయ్యడానికి నేనేమన్నా పావురాన్నా?"

"ఉంటే వెనక్కి ఇవ్వండి. గడ్డకట్టింది ఇంకేదైనా ఉంటే అది కూడా ఇవ్వండి." మాట ఒకసారి బయటపడ్డాక ఇక ఆగలేదు. పాలు, మందు, ఖాళీ పెట్టె, తన తెలివితక్కువ లెక్క, అన్నీ గుమ్మంలోనే చెప్పేసింది.

మాస్టారు వెళ్ళి తన ఫ్రిజ్ తెరిచాడు. పై అర నిండా, కూతురు నెలకోసారి వచ్చి వండి పెట్టి వెళ్ళే పులుసు డబ్బాలు గట్టిగా గడ్డకట్టి ఉన్నాయి. "కరెంటు లేకపోతే ఇవన్నీ పాడైపోయేవే. వీటిని ఎక్కడ దాచనా అని నేనే చూస్తున్నా. పట్టండి, ఆ సంచీ చాపండి," అంటూ బఠానీలతో సహా నింపి, తనే మోసుకుంటూ దిగాడు.

ఎదురింటి డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. కోడి అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. "దాన్ని మళ్ళీ గడ్డకట్టించడం నావల్ల కాదు పిన్నీ," అని, మోటారు సైకిలు టాంకులో పైపు పెట్టి, ఉన్న పెట్రోలంతా డబ్బాలోకి దించి ఇచ్చాడు. "ఈ గాలిలో నేనెక్కడికి పోతాను? ఇంట్లోనే కూర్చుని మీ కోడిని తింటా."

చేపల కొట్టామె షట్టరు దించుతోంది. సంగతి వినగానే నడుం మీద చెయ్యేసుకుంది.

"మా ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టని టైలరమ్మ ఇవాళ చేపలడుగుతోంది! తుఫాను రాక ఏమవుతుంది?"

"తిట్టుకో అక్కా. తిట్టుకుంటూనే తియ్యి."

"నీ రొట్టెలూ గింజలూ ఎక్కడికీ పోలేదులే. పెద్ద ఐసు గడ్డలున్నాయి, పెట్టెల కొద్దీ గడ్డకట్టిన చేపలున్నాయి. ఎటూ నా పెట్టె ఆగిపోయింది, నీకిస్తే నా సరుకూ నిలుస్తుంది."

"పాలకు వాసన పట్టదు కదా?"

"మూడు కవర్లు చుడతానమ్మా తల్లీ. ఒకవేళ పట్టినా ఏం? పెద్దయ్యాక నా కొట్టు వాసన పట్టుకుని తనే వస్తుంది. నాకో బేరం."

చీకటి పడకముందే ఫ్రీజరు అంచుల దాకా నిండింది. పాల సంచులు నట్టనడుమ, చుట్టూ ఐసు గడ్డలు, కవర్లు చుట్టిన చేపలు, పైన మాస్టారి పులుసులు, సందుల్లో బఠానీలు. కోడలు కుర్చీలో కూర్చుని, ఏది ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. జనరేటరు ఆపినప్పుడు పైన దుప్పట్లు కప్పాలని, నడిచేటప్పుడు తీసెయ్యాలని, లేకపోతే పెట్టె ఒళ్ళు వేడెక్కుతుందని చెప్పింది.

తాడు గుంజడం టైలరమ్మ వల్ల కాలేదు. ఆవిడ గుంజితే అది దగ్గింది. మాస్టారు గుంజితే తుమ్మింది. చేపల కొట్టామె చీర కుచ్చిళ్ళు దోపుకుని ఒక్క గుంజు గుంజేసరికి బర్రుమని లేచింది. అప్పటినుంచి ఆ పని ఆవిడదే అయింది. వాన ఎంత కొట్టినా వేళకు నెత్తిన గోనెసంచీ వేసుకుని వచ్చి గుంజి వెళ్ళేది. రేకు ఎగిరిపోబోతే డ్రైవరు ఇటుకలు పేర్చి తాడు కట్టాడు.

గాలి హోరు కంటే టైలరమ్మకు ఎక్కువ కష్టమైంది ఆ మూత జోలికి వెళ్ళకుండా ఉండటం.

"ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తానే."

"చూశారంటే నేను వచ్చి మూత మీదే పడుకుంటాను అత్తయ్యా."

ఆవిడ పెట్టెకు చెవి ఆనించి వినేది. గడ్డకట్టినవి ఏం మాట్లాడతాయి? అయినా వినేది.

గాలి చచ్చిన మర్నాడు పొద్దున్నే కొడుకు నడిచి వచ్చాడు. వంతెన మీదికి మనుషుల్ని వదులుతున్నారు. తీసుకువెళ్ళిన పాలు రాత్రితో అయిపోయాయి. వాడు వచ్చాడని తెలిసి మాస్టారు, డ్రైవరు, చేపల కొట్టామె వంటగదిలోకి వచ్చి నిలబడ్డారు. మూత ఎత్తారు. టైలరమ్మ నడుమ నుంచి ఒక సంచీ తీసి పెట్టె అంచు మీద తట్టింది. రాయి తగిలినట్టు టక్కుమంది. కోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

కొడుకు ఐసు డబ్బా నింపుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాడు. అక్కడినుంచి ఫోను వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

"పట్టారమ్మా. ఒక్క చుక్క బయటికి రాలేదు. తాగి పడుకుంది."

కరెంటు ఇంకా రాలేదు. కోడలి మందు ఇంకా అయిపోలేదు. ఎవరి సామాను వాళ్ళకు ఇచ్చేద్దామని టైలరమ్మ మూత మీద చెయ్యి వేస్తే, మాస్టారు అడ్డం వచ్చాడు. "నా డబ్బాలు అక్కడే ఉండనివ్వండి. నేను వేడిగా ఏదో వండుకుంటాను." చేపల కొట్టామె తన వంతుగా వద్దని చెయ్యి విసిరింది.

ఇప్పుడే తిన్నామని టైలరమ్మ చెప్పే మాట ఇక్కడ పనికిరాదు.

"మీ అందరి ఇళ్ళ చలి తాగి బతికింది నా మనవరాలు," అంది.

"చలి తాగితే జలుబు చేస్తుంది, ఊరుకో," అంది చేపల కొట్టామె, కొంగు నడుముకు బిగించి పెరట్లోకి నడుస్తూ. "పెట్రోలు తే. గుంజే వేళయింది."