చెయ్యి చెప్పిన సోది

అరబ్బు దేశంలో, అల్ వుకైర్‌లోని ఆ ఇంటి మేడమ్ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, వంటగదిలో మాబున్నీసా తన తోటి పనిమనిషి సుంకులమ్మ ముందు చెయ్యి చాపింది. "సోది చెప్పక్కా. మా ఫయాజ్ ఈమధ్య ఫోనే చేయడం ల్యా. నామీద మనసుందా, లేదా?"

సుంకులమ్మకి సంగతి తెలుసు. రాయచోటిలో ఫయాజ్ ఇంకో పెళ్ళి చేసుకున్నాడని నిన్ననే ఊరినుంచి చెల్లెలు చెప్పింది. అయినా ఆ అరచెయ్యి పట్టుకుని, ఊరి దేవతలందర్నీ పిలిచి, "నీ మొగుడు నీ దారే చూస్తా ఉండాడు మాబూ" అనేసింది.

అన్నాక సిగ్గుతో చచ్చిపోయింది. రాజులూ రాజ్యాలూ పుట్టకముందు నుంచీ ఎరుకల ఆడవాళ్ళ నోట పలుకుతున్న సోది అది. వాళ్ళమ్మ పస్తులైనా పడుకుందిగానీ ఏనాడూ కల్ల చెప్పలేదు. ఛీ, పాడు నోరు!

మాబున్నీసా మొహం మతాబులా వెలిగింది. "ఉండు, నువ్వు నేర్పినట్టే నీకూ చెప్తా," అంటూ సుంకులమ్మ చెయ్యి లాక్కుంది. అరచేతిని బొటనవేలితో నొక్కుతూ ఒక్కో పేరే పలకాలి. మనసులో ముల్లులా గుచ్చుకునే పేరు దగ్గర చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. ఆ కిటుకు సుంకులమ్మే ఒకప్పుడు సరదాకి నేర్పింది.

"మీ అమ్మా? చెల్లెలా? కొడుకా?" చెయ్యి మెత్తగానే ఉంది. "పోనీ, మా ఫయాజా?" అంది మాబున్నీసా నవ్వుతూ.

చెయ్యి బిగుసుకుంది.

నవ్వు ఆగిపోయింది. సుంకులమ్మ తల ఎత్తలేకపోయింది. మాబున్నీసా ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎవురక్కా, ఆ పిల్ల?"