తలుపు బందులకు రాసిన క్రీమ్

ఆ ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. పైగా తెరిచినప్పుడల్లా గులాబీ వాసన వేస్తుంది. అది తన ఒంటి వాసనేనని ఇంటాయన గట్టి నమ్మకం. జీవితమంతా సబ్బులకూ క్రీములకూ పరిమళాలు కలిపిన మనిషిని, నేను తిరిగే గుమ్మాలకు ఆ మాత్రం అంటుకోదా అనుకునేవారు. ఆయన్ని అందరూ ముక్కుగారు అంటారు. ఎదురింట్లో పాలు అడుగంటితే వాళ్ళకంటే ముందు ఈయనకే తెలుస్తుంది. అంతటి ముక్కుకీ అందని సంగతి ఒకటుంది. ఆయన మురిపెంగా తెచ్చి ఇచ్చిన ప్రతి క్రీమ్ డబ్బానీ భార్య తలుపు బందులకు రాసేస్తూ వచ్చింది.

ఆవిణ్ణి అనడానికేం లేదు లెండి. పెళ్ళయిన కొత్తలో మొదటి డబ్బా ముఖానికి రాసుకుంటే బుగ్గలు భగ్గుమన్నాయి. ఆ మాట చెబుదామని వచ్చేసరికి ఆయన పక్కింటివాళ్ళను పిలిచి, మా ఆవిడ ముఖం ఎలా వెలిగిపోతోందో చూడండి అంటున్నారు. మంటకు ఎర్రబడ్డ బుగ్గల్ని చూసి సిగ్గనుకున్నారు మహానుభావుడు. అంత సంబరాన్ని చెడగొట్టడానికి ఆవిడకు నోరు రాలేదు. ఆ రోజు నుంచీ ముఖానికి చన్నీళ్ళు, బందులకు క్రీమ్. అందులో మైనం దండిగా ఉండేది కాబట్టి తలుపులు సుఖపడ్డాయి. ఈ వయసులోనూ ఆవిడ ముఖం నున్నగా ఉంటే అదంతా తన క్రీముల చలవేనని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆవిడ తల వంచుకుని ముసిముసిగా నవ్వేది.

ఇలాగే ఏ గొడవా లేకుండా గడిచిపోయేది, కోడలు రాకపోతే.

కోడలు మంచి పిల్ల. అత్తాకోడళ్ళకు మొదటి వారంలోనే జత కుదిరింది. ఇద్దరూ కలిసి మగవాళ్ళిద్దరినీ ఏడిపించడం, వంటింట్లో చేరి పడీపడీ నవ్వడం. కానీ ఆ పిల్ల ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి కనురెప్పలు వాచాయి, మెడంతా దద్దుర్లు. చర్మం డాక్టరు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి చూసి అసలు సంగతి తేల్చింది. సబ్బుల్లో, క్రీముల్లో వేసే కృత్రిమ పరిమళాలు ఈ ఒంటికి పడవట. ఒకసారి పడకుండా పోయాక కాస్త తగిలినా ఒళ్ళు ఊరుకోదట. ఇంట్లో ఉన్న సెంటు సబ్బులూ బట్టలుతికే పొడులూ అన్నీ బయటికి పోయాయి.

ముక్కుగారికి ఇది పరువు సమస్య అయిపోయింది. నేనుండగా నా కోడలికి బయటి క్రీమ్ ఏమిటని, వీధి చివర ఉన్న తన వర్క్‌షాపులో కూర్చుని ప్రత్యేకంగా ఒక క్రీమ్ తయారుచేశారు. మూత మీద 'వాసన లేనిది' అని తన చేత్తో రాసి మరీ ఇచ్చారు. కోడలు భక్తిగా రాసుకుంది. తెల్లారేసరికి కళ్ళు తెరుచుకోలేదు.

కొడుకు తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. తల్లిని మాత్రం పక్కకు పిలిచి, దూరంగా ఒక అద్దె ఇల్లు చూశానని, నెల మారగానే వెళ్ళిపోతామని చెప్పాడు. కూతుళ్ళు లేని ఇల్లు అది. ఇన్నేళ్ళకు ఆవిడకు నవ్వడానికి ఒక తోడు దొరికిందనుకుంటే, ఆ తోడు కాస్తా వేరు కాపురం పెట్టేలా ఉంది.

మధ్యాహ్నం భోజనం క్యారేజీ పట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళి ఆవిడ నేరుగా అడిగింది.

"వాసన వేయలేదన్నారుగా?"

"వేయలేదు. మైనం, కొవ్వు, నూనె కలిస్తే ఒకరకం కంపు వస్తుంది. అది తెలియకుండా ఉండడానికి రెండు చుక్కలు వేశాను."

"ఏం వేశారు?"

"వాసన కాదు. వాసన లేకుండా చేసేది."

ఆవిడ ఎంత అడిగినా ఆయనది ఒకటే మాట. ముక్కుకు ఏమీ తెలియకపోతే అందులో ఏమీ లేనట్టేనట. పరిమళాలు కలిపేవాళ్ళ లోకంలో వాసన లేకపోవడం కూడా చేత్తో తయారుచేసేదే. దానికీ సీసాలుంటాయి, చుక్కలుంటాయి. డాక్టరు ఏ రకమూ వద్దందండీ అని ఆవిడ గుర్తుచేస్తే ఆయన ముద్ద కలపడం ఆపారు.

"నువ్వు ఇన్నేళ్ళుగా రాసుకుంటున్నావు. నీకెప్పుడైనా పడకపోయిందా?"

ఆవిడ నోరు విప్పితే తలుపులన్నీ సాక్ష్యానికి వస్తాయి. తను దాచిన సంగతే తిరిగి తన కోడలి ముఖానికి చుట్టుకుందని ఆవిడకు అప్పుడర్థమైంది. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే బుర్ర పాదరసంలా పనిచేసింది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, ఇంకా ఏ చుక్కలూ కలపని పెద్ద డ్రమ్ములోంచి క్యారేజీ గిన్నె నిండా క్రీమ్ తోడేసింది. అన్నం తీసుకెళ్ళిన గిన్నె మైనం మోసుకుని ఇంటికొచ్చింది. అత్తాకోడళ్ళు స్నానాలగది తలుపేసుకుని డబ్బాలో ఉన్నది తీసేసి ఇది నింపారు.

వారం తిరక్కుండానే దద్దుర్లు అణిగాయి. కళ్ళు మామూలుగా అయ్యాయి. ఒక సాయంత్రం ముక్కుగారు గుమ్మంలో నిలబడి ముక్కెగరేసి, ఇంట్లో ఎవరైనా కొవ్వొత్తి ఆర్పారా అని అడిగారు. మంచం కింద గాజు పడిపోతే కొవ్వొత్తి వెలిగించి వెతికానని ఆవిడ తడుముకోకుండా చెప్పింది. లోపల కోడలు నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. కోడలి ముఖం తేటపడడం చూసి ముక్కుగారు పొంగిపోయారు. తన క్రీమ్ గెలిచిందన్నారు. ఇక సున్నితమైన చర్మం ఉన్న వాళ్ళందరికీ దీన్ని అమ్ముతానని, మందుల షాపాయన్ని వెంటబెట్టుకుని మరీ ఇంటికొచ్చారు. కోడల్ని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, ఒకప్పుడు భార్యను చూపించినట్టే ఆ పిల్ల ముఖాన్నీ చూపించారు.

కోడలు అత్త చెవిలో అంది. "అత్తయ్యా, నా ముఖం చూసి నాలాంటివాళ్ళు కొంటే వాళ్ళ ముఖాలు వాస్తాయి."

ఆవిడ బదులు చెప్పేలోపే ఆయన డబ్బా తెమ్మన్నారు. మూత తీసి, వేలితో తీసుకుని, మందుల షాపాయన చేతికి రాయబోతూ ఆగిపోయారు. ఇద్దరు దొంగలూ ఇంత చేసి ఆ ముక్కు సంగతే మర్చిపోయారు. ఆయన ఒకసారి పీల్చారు. మళ్ళీ పీల్చారు. తర్వాత డబ్బా మూసి, ఇంకా కాస్త పని మిగిలిందండీ అని చెప్పి మందుల షాపాయన్ని మర్యాదగా సాగనంపారు.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఇందులో నేను వేసింది లేదు."

"నేనే మార్చాను," అంది ఆవిడ. "పిల్లనేమీ అనకండి."

"అయితే పిల్లకు పడనిది నేను వేసిందే." ఆయన గొంతు తగ్గింది. "మరి నీకు పడిందిగా?"

కొడుకు చూసిన అద్దె ఇల్లు ఆవిడకు గుర్తొచ్చింది. ఇక దాచలేకపోయింది.

"నేను మొదటి రోజు తప్ప ఎప్పుడూ రాసుకోలేదండీ. ఆ రోజు ముఖం మండిపోయింది. మీరు అంత సంతోషపడుతుంటే చెప్పలేకపోయాను."

"మరి ఆ డబ్బాలన్నీ?"

ఆవిడ లేచి వెళ్ళి గది తలుపు మెల్లగా ఇటూ అటూ ఊపింది. చప్పుడు లేదు. గులాబీ వాసన మాత్రం గుప్పుమంది. ఆయన దగ్గరికొచ్చి బందుకు ముక్కు ఆనించి పీల్చారు. ఆయన మనసు నిజంగానే చివుక్కుమంది. చెప్పులేసుకుని వర్క్‌షాపుకు వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆవిడ పంపిన క్యారేజీ అలాగే తిరిగొచ్చింది. కోడలు బెంబేలుపడి, ఇల్లు మారిపోతే అందరికీ హాయి కదా అత్తయ్యా అంది. ఆవిడ ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఆయన వచ్చారు. చేతిలో రెండు డబ్బాలు. ఒకటి కోడలికి, ఒకటి భార్యకు ఇచ్చారు.

"కంపు కొడుతుంది. అందులో ఏమీ వేయలేదు. అమ్మితే ఇలాగే అమ్ముతాను."

ఆవిడ మూత తీసింది. పాత కొవ్వొత్తి వాసన. వేలితో తీసి, ఆయన చూస్తుండగానే రెండు బుగ్గలకూ రాసుకుంది. ఆయన ఈసారి ఎవర్నీ పిలవలేదు. దగ్గరగా కుర్చీ లాక్కుని ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు.

"మండుతోందా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన ఆ మాట అడిగారు. ఆవిడకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఆయన కంగారుపడి తడిగుడ్డ కోసం లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపి, మండడం లేదండీ అని చెప్పింది.

మర్నాడు కొడుకు అద్దె ఇంటివాళ్ళకు రావడం లేదని కబురు పెట్టాడు. కొన్నాళ్ళకు వంటింటి తలుపు మొదటిసారి కిర్రుమంది. అత్తాకోడళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముక్కుగారు పేపరు పక్కన పెట్టి, కుట్టు మిషన్ నూనె డబ్బా పట్టుకుని తనే లేచి వెళ్ళారు.