చల్లగా ఉండే చోటు

కాలే రాళ్లమీద ఇంకో గరిటెడు నీళ్లు పోస్తే ఈ బరువు దిగిపోతుందేమో, ఆవిరి ఎక్కువై గుండెలమీద కూర్చుంది, అంతే, అనుకుంటూ సౌనా ఆవిరిగదిలో పై బల్లమీద ఒంటరిగా కూర్చున్న ఇల్పో రాగి గరిటె ఎత్తాడు, ఎత్తి మళ్లీ బకెట్లోనే వదిలేశాడు, ఎడమ భుజం ఎందుకో తనది కానట్టుంది, మధ్యాహ్నం గుమ్మం ముందు మంచు తోశాడుగా, చెయ్యి నొప్పెట్టక ఏంచేస్తుంది, కానీ పార తోసింది కుడిచేత్తో కదా అని లోపలెవడో గొణిగాడు, వాడి నోరు మూయించడానికి పొద్దున వచ్చిన నర్సమ్మ ఫోన్ గురించి ఆలోచించాడు, తీరా చూస్తే అది ఇంకా పాడు ఆలోచన, ఏంటి ఇల్పోగారూ, క్రిస్మస్‌కి ముందు అంత చక్కగా దిగొచ్చిన కొలెస్టరాల్ మళ్లీ చెట్టెక్కి కూర్చుంది, ఇంజక్షన్లు మానేశారా ఏంటి అంది, అబ్బే లేదమ్మా, రెండు వారాలకోసారి పొట్టలో పొడుచుకుంటూనే ఉన్నా, మరి మందు చల్లగా ఉండే చోటే పెడుతున్నారా, చల్లగా ఉండే చోటే పెడుతున్నా, అయితే సరే, సోమవారం వచ్చి డాక్టరుగారికి కనబడండి, అంతే, ఇద్దరూ ఒకే మాట అనుకుని హాయిగా ఫోన్లు పెట్టేశారు.

చల్లగా ఉండే చోటంటే ఈ సరస్సు ఒడ్డున ఎవర్నైనా అడగాలా, చలికాలం వచ్చిందంటే వసారాయే, అమ్మ వెన్న పెట్టింది అక్కడే, పెళ్లాం సైయా చేపలు పెట్టేదీ అక్కడే, దేవుడు ఊరికే ఇచ్చిన చలి ఉండగా ఫ్రిజ్జెందుకు దండగ అని అత్తా కోడళ్లు ఒప్పుకున్న మాట ఇదొక్కటే, ఆ సైయాయే ఇవాళ సూపు చెయ్యడానికి వసారాలోంచి చేప తెచ్చి బల్లమీద కొట్టింది, ఠంగుమంది, దీన్ని కొయ్యాలంటే గొడ్డలి తేవాలి మొగుడా అని నవ్వింది, ఇతనూ నవ్వాడు, నవ్వి మంచు తొయ్యడానికి పోయాడు, ఇప్పుడిక్కడ ఇంత వేడిలో ఒళ్లు జల్లుమంటోంది, మందు డబ్బా ఉన్నది ఆ చేపబుట్ట పక్కనే, అదే అరలో, చేప రాయైన చోట మందు నీళ్లలా ఉంటుందా, ఇతను వాడే ముందు తెచ్చి పొయ్యి దగ్గర గంటసేపు పెట్టేవాడు, కరిగిపోయేది, చూడ్డానికి నిక్షేపంగా ఉండేది, అంటే ఈ చలికాలమంతా పొడుచుకున్నది చచ్చిన మందన్నమాట, ఏమీ లేనట్టేనన్నమాట.

ఏమీ లేకుండా తిన్నాడు, అదీ అసలు సంగతి, మాత్రలు మాత్రమే మింగే రోజుల్లో భయానికి వెన్న జోలికే పోనివాడు, ఇంజక్షను మొదలై లెక్క దిగ్గానే రొట్టెమీద వేలు మందాన పూశాడు, సైయా వాళ్లన్నయ్య కౌకో ఎదురుగా కూర్చుని తిను బావా తిను, సూది ఉందిగా, మీ వంశంలో మగాళ్ల యాభయ్యో పుట్టినరోజుకి కేకు ఖర్చు ఎప్పుడూ లేదు, ఈ ఎండాకాలం నువ్వు మాత్రం మాకు పెట్టి తీరాలి అన్నాడు, కౌకో నోటికి అడ్డూ అదుపూ లేదు గానీ అబద్ధం చెప్పడు, ఇల్పో అన్నయ్య బస్సులో కిటికీకి తల ఆనించి పోయాడు, నిద్రపోతున్నాడనుకుని డ్రైవరు ఆఖరి స్టాపుదాకా తీసుకుపోయాడు, నాన్న గడ్డకట్టిన సరస్సుమీద, చేపల కోసం తవ్విన కంత పక్కన, చేతిలో గాలం పట్టుకునే పోయాడు, దారిన పోయేవాళ్లు చెయ్యి ఊపారు, పలకకపోతే చేపలు పడక అలిగాడనుకున్నారు, నాన్న ఎవర్నీ పిలవలేదు, పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారో అని కాబోలు, ఇప్పుడా బరువు దవడలోకి పాకుతోంది, ఆవిరి దవడలోకి ఎందుకొస్తుంది.

సైయాని అనాలి, చేప గట్టిపడ్డం చూసింది, పక్కన డబ్బా చూడలేదా, నర్సమ్మని అనాలి, ఫ్రిజ్జా వసారానా అని ఒక్క మాట అడిగుంటే ఆవిడ సొమ్మేం పోయేది, కానీ మందులషాపు అమ్మాయి మొదటిరోజే చెప్పింది కదా, ఫ్రిజ్‌లోనే పెట్టండి, గడ్డకట్టిందో ఇక పనికిరాదు, జాగ్రత్త అని, ఇతను తల ఊపాడు, విన్నాడు, బాగానే విన్నాడు, మొదట్లో ఫ్రిజ్‌లోనే పెట్టాడు కూడా, పాల వెనకాల, ఒకరోజు కూతురు వెన్లా హాకీ ఆడొచ్చి, పాలకోసం తలుపు తీసి, నాన్నా ఇదేంటి అంది, ఏం లేదమ్మా, అమ్మ విటమిన్లు అన్నాడు, ఆ సాయంత్రమే డబ్బా వసారాకి పోయింది, చలీ కాదు, అలవాటూ కాదు, పిల్ల చూడకూడదని, మీ వంశంలో వచ్చే ఈ కొలెస్టరాల్ జబ్బు మగాళ్లకే కాదు ఆడపిల్లలకీ వస్తుంది, మీ అమ్మాయికి వెంటనే పరీక్ష చేయించండి, వయసులోనే మందు మొదలుపెడితే భయం లేదు అని డాక్టరు చెప్పాడు, చెప్పవయ్యా దానికి అని సైయా పోరుతూనే ఉంది, ఆటల సీజను అవనీ, పరీక్షలు అవనీ, చెబుతాలే, చెబుతాలే, కళ్లముందు డబ్బా లేకపోతే పిల్ల ఒంట్లోనూ ఏమీ లేదని నమ్మాడు, ఎంత వెధవ పని, కన్నతండ్రి చేసే పనేనా ఇది.

నాన్నా, ఇంకా ఎంతసేపు, రాళ్లు చల్లారిపోతాయి, నా వంతు ఎప్పుడు అని తలుపు అవతల్నుంచి వెన్లా, వచ్చేస్తున్నా తల్లీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆ మాట అంటే ఇంకాసేపు ఇలాగే కూర్చోవచ్చు, నాన్న కూర్చున్నట్టు, పిల్ల టవలు భుజాన వేసుకుని నవ్వుకుంటూ వంటింట్లోకి పోతుంది, ఇల్పో బల్ల అంచు పట్టుకుని కింది మెట్టుమీదికి జారాడు, చెక్క వీపుని కాల్చింది, అదీ తెలియలేదు, ఒక్కటే తెలిసింది, వెన్లాకి చెప్పాలా వద్దా అన్నది తన చేతిలో ఎప్పుడూ లేదు, ఆ సంగతి దానికి ఎలాగూ తెలుస్తుంది, ఇప్పుడు తన నోట వింటుందా, కాసేపట్లో తన శవం పక్కన ఎవరో తెలియని డాక్టరు చెబితే వింటుందా, తన చేతిలో మిగిలింది అంతవరకే, వెన్లా అని పిలిచాడు, మళ్లీ పిలిచాడు, తలుపు తియ్యి, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి తల్లీ, ఇది గుండె, మన ఇంట్లో అందరికీ వచ్చేదే, నీకూ రావచ్చు.