రెండు దోసిళ్ల పొడి

నలభై ఎనిమిది వాటాల ఆ భవనంలో అందరూ ఆవిడని ఎరువమ్మ అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనుకున్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు, చివరికి ఆవిడే ఫోనెత్తి "ఆఁ, ఎరువమ్మనే, చెప్పండి" అనేదాకా వచ్చింది. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన మనిషి. జానెడు గుడ్డ ముక్క పారెయ్యడానికి కూడా చేతులు రావు. అలాంటిదానికి రోజూ పొద్దున్నే గుమ్మం గుమ్మం ముందూ మిగిలిన తిండీ, పగిలిన సీసా, పండు తొక్కా, పాత బ్యాటరీ అన్నీ ఒకే సంచిలో మూతి బిగించి కనిపిస్తే ఒళ్లు మండదూ?

పోనీ, ఒళ్లు మండటం ఒక్కటే అయితే ఏదోలా దిగమింగేదే. ఆ సంచులు చివరికి ఎక్కడికి చేరతాయో ఆవిడకి తెలుసు. మిగతావాళ్లకి చెత్త అంటే లారీ మలుపు తిరిగేదాకానే. ఊరి చివర చెత్తగుట్ట కింద వరసలో మూడో ఇల్లు ఆవిడ చెల్లెలిది. ఇల్లు కట్టుకున్న కొత్తలో అక్కడ గుట్టా లేదు, గిట్టా లేదు, ఉత్త బీడు. ఇవాళ మూడంతస్తుల ఎత్తు. ఎండలు ముదిరితే దానంతటదే అంటుకుని వారాల తరబడి పొగ. చెల్లెలికి రెండేళ్లుగా ఆయాసం. ఇల్లు అమ్ముకుని పోదామంటే ఆ కిటికీలోంచి బయటికి చూసినవాడెవడూ మళ్లీ రాలేదు.

అందుకే ఎరువమ్మ నడుం బిగించింది. గడప గడపా ఎక్కి, బతిమాలి, పోట్లాడి, అలిగి, పెరట్లో ఓ మూల నాలుగు ఇటుక తొట్లు కట్టించి పైన రేకు వేయించింది. ఆ స్థలం మీద భవనం కార్యదర్శికి ఎప్పట్నించో కన్ను. రెండు కార్లు హాయిగా పడతాయని ఆయన లెక్క. చెడ్డవాడు కాదు లెండి, ఆయన కారుకి ఇప్పటికి మూడుసార్లు సొట్ట పడింది, ఆయన బాధ ఆయనది. ఏడాది చూసి, మీటింగు పెట్టి తెగ్గొట్టారు: ఈ నెల పదిహేనో తారీఖున మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. తొట్లలో ఎరువు తయారైందని రాసిస్తే షెడ్డు ఉంటుంది. లేదంటే కూల్చేస్తారు, నలభై ఎనిమిది ఇళ్ల చెత్తా మళ్లీ లారీ ఎక్కుతుంది.

జనానికి తడి చెత్త, పొడి చెత్త నేర్పేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. రెండో అంతస్తు కోడలుపిల్ల పాల సంచులు శుభ్రంగా కడిగి, నీళ్లు కారుతుండగానే తడి బుట్టలో పడేసింది. ఇదేంటమ్మా అంటే, "తడిగానే ఉన్నాయి కదా పిన్నిగారూ, పట్టి చూడండి" అంది. లెక్కల మాస్టారు ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. కూరగాయల తొక్కలన్నీ డాబా మీద గలగలలాడేట్టు ఎండబెట్టి పొడి బుట్టలో వేశాడు. ఎరువమ్మ ఆ రోజు నవ్వలేక చచ్చింది. తడి అంటే కుళ్లేది, పొడి అంటే కుళ్లనిది అని ఇల్లిల్లూ తిరిగి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఏడాది గడిచేసరికి నలభై ఇళ్లు దారికొచ్చాయి. మిగతా ఎనిమిదీ మొండిఘటాలు, వాళ్ల సంచులు తనే విప్పి వేరుచేసేది.

తొట్లు మాత్రం చెప్పినమాట విన్నాయి. ఒక్కో తొట్టి నడిమధ్య ఇనపచువ్వ గుచ్చి ఉంచేది. పొద్దున్నే బయటికి లాగి అరచేత్తో పట్టుకుంటే చుర్రుమనేది. లోపల పని జరుగుతోందన్నమాట. చివరి తొట్టి అడుగున మట్టి నల్లబడి, పిడికిట్లో పట్టి వదిలితే పొలపొలా రాలుతోంది. వానపాములు కుప్పలు. అవి చూసి ఆవిడ మురిసిపోయిన తీరు చూస్తే సొంత పిల్లల్ని చూసి కూడా అంత మురిసి ఉండదు.

పదో తారీఖు పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. మాట పూర్తిగా రావట్లేదు. "అక్కా... ఊపిరి..." అంతే.

ఎరువమ్మ చేతిసంచిలో రెండు చీరలు కుక్కుకుంది. మొగుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన గడియారాల మేస్త్రి. నలభై ఏళ్లు కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత పళ్లచక్రాలు బాగుచేసిన మనిషి. "నా పెళ్లాం చెత్తని మారుమనువాడింది" అని ఇంటికొచ్చినవాళ్లందరితో అనేవాడు. ఒక్కనాడూ షెడ్డు గడప తొక్కలేదు. ఆ పూట మాత్రం భార్య ముఖం చూసి ఆయన మనసు కరిగింది.

"నువ్వు వెళ్లు. తొట్ల సంగతి నేను చూస్తా."

"మీరా?"

"ఏం, నా చేతులు పనికిరావా? ఏం చెయ్యాలో చెప్పు, అక్షరం పొల్లుపోకుండా చేస్తా."

ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిన మాటో అది! కింద ఆటో హారన్ మీద హారన్ కొడుతోంది. "గోడ మీద బోర్డు రాసి పెట్టానండీ, అది చూసి చెయ్యండి చాలు" అని మెట్లు దిగిపోయింది.

నాలుగు రోజులు చెల్లెలి మంచం పక్కనే కూర్చుంది. ఇంట్లో కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. అయినా వంటగిన్నెల మీద వేలితో గీస్తే గీత పడేంత మసి. మూడో రోజుకి చెల్లెలు లేచి కూర్చుంది.

"మీ ఒక్క భవనం చెత్త మానేస్తే ఈ గుట్టకి తెలుస్తుందటే అక్కా?"

"తెలియకేం. ఇవాళ మేము, రేపు పక్క భవనం. ఇన్‌స్పెక్టరమ్మ సంతకం ఒక్కటి పడనీ, వీధి వీధీ తిరుగుతాను. మా ఇళ్ల చెత్త ఇంక నీ గుమ్మంలోకి రాదు. ఒట్టు."

చెల్లెలు నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

పద్నాలుగో తారీఖు పొద్దున ఎరువమ్మ ఇంటికి తిరిగొచ్చింది. గేటు తీస్తుండగానే ముక్కుకి ఘాటు తగిలింది. కాలవలు కడిగారేమో అనుకుంది. షెడ్డు దగ్గరికి వెళ్లేకొద్దీ కళ్లు మండాయి. తొట్ల మీద తెల్లగా, గట్టిగా, పెచ్చులు కట్టి ఏదో ఉంది. చువ్వ లాగి పట్టుకుంది. చల్లగా ఉంది. రెండో తొట్టీ చల్లగానే ఉంది. చివరి తొట్టిలో చేతులు మోచేతుల దాకా పెట్టి తవ్వింది. వానపాములు పాలిపోయి, తాళ్ల ముక్కల్లా పడున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు.

వెనక నుంచి మేస్త్రి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "వచ్చావా! చూశావా, ఒక్క ఈగ ఉందేమో చూడు! పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, నిమిషం తేడా రానివ్వలేదు. రెండు దోసిళ్లు అని రాశావు గానీ, రేపు ఆవిడొస్తుంది కదా, వాసన ఉండకూడదని నేను నాలుగేసి వేశాను."

"ఏం వేశారు?"

"అదేనే, పొడి. మన ఊడ్చే ఆవిడని పొడి ఎక్కడుందమ్మా అని అడిగితే మెట్ల కింద డబ్బా చూపించింది."

మెట్ల కింద ఉండేది కాలవల్లో చల్లే బ్లీచింగు.

"అయ్యో అయ్యో, పొడి అంటే అది కాదండీ! ఎండుటాకులు, రంపపు పొట్టు! ఆ మూల మూడు బస్తాలు పెట్టాను కదండీ, కళ్లు కనపడలేదా?"

"అవి పారెయ్యాల్సిన చెత్తేమో అనుకున్నా." ఆయన బోర్డు వైపు చూశాడు. "పొడి అంటే పొడి కాదా మరి?"

ఎరువమ్మ కూడా బోర్డు చూసింది. తన రాతే. తడి వేసిన ప్రతిసారీ పైన రెండు దోసిళ్ల పొడి చల్లాలి, బాగా కలపాలి. కోడలుపిల్లకి చెప్పింది, లెక్కల మాస్టారికి చెప్పింది, నలభై ఏడు గడపలెక్కి ఆ రెండు మాటలకీ అర్థం చెప్పింది. తొట్లో చల్లే పొడి వేరని ఇంట్లో మనిషికి మాత్రం చెప్పలేదు. ఎప్పుడూ అడగని మనిషికి ఏం చెబుతాం? అడిగిన పూట ఆటో ఆగలేదు. తొట్టి గట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. మేస్త్రికి అప్పటికి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయాడు. చూస్తే ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కి ఉన్నాయి. నాలుగు రోజులూ పార పట్టకుండా వట్టి చేతుల్తోనే కలిపాడు మహానుభావుడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మంచి మనిషే. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చివరి తొట్టిలోంచి ఒక ముద్ద తీసి చూసింది. "ఇది ఎరువు కాదమ్మా. చెట్టుకి వేస్తే చెట్టు చస్తుంది."

"నా పొరపాటేనండీ. నేనే వేశాను" అంది ఎరువమ్మ.

"కాదండీ, నేను!" మేస్త్రి జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "ఆవిడ ఇంట్లోనే లేదు. పొడి చల్లమంటే నేను ఈ పొడి చల్లాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకిపోయింది. "ఊరందరికీ నేర్పింది గానీ సొంత మొగుడికి నేర్పలేదయ్యా ఎరువమ్మ" అన్నాడు లెక్కల మాస్టారు. అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి కూడా నవ్వబోయాడు, కుదర్లేదు.

"ఇంకో రెండు నెలలు ఇవ్వండి" అంది ఎరువమ్మ. "తొట్లు కడిగి మళ్లీ మొదలుపెడతా. మీరెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, బుట్టలు వేరుగా పెడితే చాలు."

కార్యదర్శి జాలిగానే చేతులు ఎత్తమన్నాడు. ఇంకో రెండు నెలలు ఇద్దామన్నవాళ్లు ఆరుగురు. కోడలుపిల్ల ఆవిడ కళ్లలోకి చూడలేక తల దించుకుంది. "మాకూ ఓపిక అయిపోయింది పిన్నిగారూ, రెండు బుట్టలు కడుక్కోలేక చస్తున్నాం." నలభై ఇళ్లు దారికొచ్చాయనుకుంది పిచ్చిది. వాళ్లంతా ఆవిడ పోరు పడలేక వేరుచేశారు, అంతే.

మరుసటి రోజు పొద్దున్నే మనుషులొచ్చి రేకు ఊడదీశారు. గునపాలతో తొట్లు పగలగొట్టారు. ఏడాది సరుకూ, బ్లీచింగుతో సహా, లారీలోకి ఎత్తుతుంటే ఎరువమ్మ అడ్డం వెళ్లింది.

"అయ్యా, ఇది అక్కడికి తీసుకెళ్లకండి. ఇక్కడే పరిచి పెట్టండి, నాలుగు ఎండలు తగిలితే ఆ ఘాటు పోతుంది."

"ఎక్కడ పరుస్తామమ్మా, సాయంత్రానికి సిమెంటు వేస్తున్నారు" అన్నాడు లారీ అతను. "ఇంకెక్కడికి తీసుకెళ్లమంటారు? ఊరికి ఉన్నది ఆ ఒక్క గుట్టే."

లారీ కదిలింది. దాని మీద ఆ పూట సంచులు కూడా ఎక్కాయి, అన్నీ కలిపి మూతి బిగించినవి. నలభై ఎనిమిది ఇళ్లవీ ఉన్నాయి, మేస్త్రి తీసుకెళ్లి ఇచ్చినదానితో కలిపి.

మధ్యాహ్నం చెల్లెలి ఫోను.

"అక్కా, ఇవాళేదో కొత్త లారీ వచ్చింది. సరిగ్గా మన ఇంటి వెనకే దింపారు. ఏం మందు కలిపారో ఏమో, కళ్లు మండిపోతున్నాయి, గొంతు కోసుకుపోతోంది. పక్కింటి పసిదాన్ని ఆసుపత్రికి ఎత్తుకుపోయారు." దగ్గు. చాలాసేపు దగ్గు. "ఎవరు పోశారో గాని, వాళ్ల చేతులు పడిపోను!"

ఎరువమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఉన్నావా అక్కా? ఆఁ, అడగడం మర్చిపోయా. మీ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిందా? సంతకం పెట్టిందా?"

గుమ్మంలో మేస్త్రి నిలబడి ఉన్నాడు, పొక్కిన చేతులకి గుడ్డ చుట్టుకుని. "ఎవరు, మరదలేనా? ఎలా ఉందట?" అని మెల్లిగా అడిగాడు.

"పెట్టింది చెల్లీ" అంది ఎరువమ్మ ఫోనులో. తర్వాత మొగుడి వైపు తిరిగి, "బాగానే ఉందటండీ" అంది.