రెండో పిలుపు

నాన్న పోయాక పెట్టిన సెలవు అయిపోగానే డ్యూటీలో చేరాను. నేను కో-పైలట్‌ని. ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. ఎవరైనా పలకరిస్తే మాత్రం నవ్వేదాన్ని.

మాకు ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గితేనే లైసెన్సు చెల్లుతుంది. కళ్లు, చెవులు, గుండె అన్నీ చూశాక డాక్టరుగారు, "మనసెలా ఉందమ్మా?" అని అడిగారు.

"బాగుందండీ."

మా వృత్తిలో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు. బాగాలేదన్నవాళ్లను ఇంట్లో కూర్చోబెడతారు. మళ్లీ ఎప్పుడు ఎక్కనిస్తారో ఎవరూ చెప్పరు. పైన పటారం, లోన లొటారం అంటే ఆ రోజు నేనే.

విమానంలో ఒక కట్టుబాటుంది. నడుపుతున్న పైలట్‌ని పక్కవాడు పిలిచి హెచ్చరిస్తాడు. రెండోసారీ పలక్కపోతే "కంట్రోల్ నాది" అని తనే అందుకుంటాడు. ఇది ఎప్పుడో అక్కకు చెప్పడం నా ఖర్మ. అప్పటి నుంచి నేను రెండోసారి పలక్కపోతే "కంట్రోల్ నాది" అని టీవీ రిమోట్ లాక్కునేది.

ఆ సాయంత్రం మాత్రం లాక్కోలేదు.

"ఎన్నిసార్లు పిలవాలే? ఉలుకూ పలుకూ లేదు. డాక్టరుకి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"ఇదే."

"చెబితే లైసెన్సు పోతుందక్కా."

"చెప్పకపోతే?"

నేను లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. నాన్న టైలరు. నా యూనిఫాం చొక్కాలన్నీ ఆయనే కుట్టారు. కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నా నాలో ఏమీ కదల్లేదు.

మర్నాడు వాతావరణం బాగుంది. విమానాన్ని నేనే దింపుతున్నాను. రన్‌వే ఎదురుగా కనబడుతోంది.

"వేగం," అన్నారు కెప్టెన్. ఆయన్ని అందరం మాస్టారనే పిలుస్తాం.

వేగం పడిపోతుండటం నేనూ చూస్తున్నాను.

"వేగం!"

ఏం చెయ్యాలో తెలుసు. చెయ్యి మాత్రం కదల్లేదు. భయం కూడా వెయ్యలేదు.

"కంట్రోల్ నాది."

"కంట్రోల్ మీది," అన్నాను. ఆ మాట మాత్రం ఇట్టే వచ్చింది.

ఆయన ఇంజన్ల జోరు పెంచి, విమానాన్ని మళ్లీ పైకి లేపి, ఒక చుట్టు తిప్పి దింపారు. ప్రయాణికులు బ్యాగులు దించుకుని వెళ్లిపోయారు. మాస్టారు రిపోర్టు తీసి, నా వైపు చూడకుండా అడిగారు.

"జలుబుతో చెవులు దిబ్బడేశాయా? అలా రాసేస్తాలే. నాలుగు రోజులు పడుకుంటే అదే పోతుంది."

అవునంటే చాలు, లైసెన్సు నిలుస్తుంది. వచ్చే వారం మళ్లీ ఇదే సీటు, నా వెనక ఇంకో విమానం నిండా జనం.

"లేదు మాస్టారూ. రెండుసార్లూ వినిపించింది."

ఆయన కలం మూత పెట్టేశారు. "ఎప్పటి నుంచమ్మా?"

"నాన్న పోయినప్పటి నుంచి."

మెట్లు దిగి అక్కకు ఫోన్ చేశాను.

"ఏమే?" అంది. నేను విమానం వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఏమే!"

"కంట్రోల్ నీదక్కా," అన్నాను.

"అక్కడే ఉండు, వస్తున్నా," అంది అక్క.