రెండో పియానో ఊపిరి

ఎండిన కాలువలోకి నీళ్ల కంటే ముందు గాలి వస్తుంది.

కొండల కింది అల్మాటీ నగరంలో ప్రతి వసంతంలోనూ అంతే. కొండ మీద మంచు కరుగుతుంది. ఎక్కడో పైన తూము ఎత్తుతారు. వీధి పక్క కాలువలో నిరుటి ఎండుటాకులు ముందుగా కదులుతాయి... ఆ తర్వాతే నీళ్లు.

సంగీత పాఠశాల కిటికీలోంచి ఆ చప్పుడు వింటూనే రౌషన్ పెరిగింది.

ఆ గదిలో రెండు పియానోలు. ఒకటి రౌషన్‌ది. రెండోది పంతులమ్మది — లీదియా పావ్లోవ్నా త్సోయ్. తాతల నాడు అక్కడికి వచ్చిపడ్డ కొరియా వాళ్ల ఆడపడుచు. పొట్టి మనిషి, గట్టి గొంతు, సంచీలో ఎప్పుడూ కారం కలిపిన క్యారెట్ తురుము డబ్బా. ఆర్కెస్ట్రా మొత్తం ఆవిడ వేళ్లలోనే ఉండేది. వయొలిన్లూ ఆవిడే, బూరలూ ఆవిడే, డోళ్లూ ఆవిడే. ఆర్కెస్ట్రాతో వాయించాల్సిన రచన ఏదైనా ముందు రెండో పియానోతో కలిపి సాధన చేయాలి. అక్కడ అందరూ అలాగే నేర్చుకుంటారు.

"ఏమే, ఆ ఎడమ చెయ్యి నీదేనా, అరువు తెచ్చుకున్నావా?"

"నాదేనండీ, లీదియా పావ్లోవ్నా."

"అయితే కాస్త తిండి పెట్టు దానికి. నీరసంతో వాలిపోతోంది."

తిట్లు తిన్నది. క్యారెట్ తురుమూ తిన్నది. వేళ్లు రాటుదేలాయి.

ఒకనాటికి పిలుపు వచ్చింది — నగరంలోని పెద్ద ఆర్కెస్ట్రాతో మొదటి కచేరీ. మెప్పిస్తే వాళ్లు తమతో ఊరూరా తీసుకువెళతారు. లేదా... ఏదో చిన్న ఊరికి వెళ్లి పిల్లలకు సరిగమలు దిద్దించుకోవడమే. మధ్యేమార్గం ఏమీ లేదు.

రిహార్సళ్లన్నిటికీ లీదియా పావ్లోవ్నా వచ్చింది. పియానో పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. అంతా బ్రహ్మాండంగా కుదిరింది.

కచేరీ నాటి సాయంత్రం ఆ కుర్చీ తీసేశారు. తీసేయరా మరి... నిండు సభలో వేదిక మీద పంతులమ్మను ఎవరు కూర్చోబెడతారు. ఆవిడ జనం మధ్యలో ఎక్కడో కూర్చుంది.

మొదటి భాగం ఉరికింది. వేళ్లు నీళ్లలా పారాయి.

తర్వాత నెమ్మది భాగం.

వయొలిన్లు సన్నగిల్లాయి... ఆగిపోయాయి. అక్కడ పియానో ఒక్కటే అందుకోవాలి. ఆర్కెస్ట్రాను నడిపే సుల్తాన్‌గాజీ గారి చేతికర్ర కూడా ఆ చోట కదలదు. ఆయన కూడా ఆమె కోసమే చూస్తారు.

రౌషన్ చెయ్యి ఎత్తింది.

రాలేదు.

ఏం రాలేదో ఆమెకే తెలియలేదు. స్వరాలు గుర్తున్నాయి. వేలు సిద్ధంగా ఉంది. అయినా రావలసినదేదో రాలేదు...

అప్పుడు తట్టింది.

ఊపిరి.

రెండో పియానో దగ్గర లీదియా పావ్లోవ్నా ముక్కుతో చిన్నగా పీల్చే ఊపిరి. ప్రతిసారీ, రౌషన్ అందుకోవలసిన ప్రతి చోటా. ఇన్నేళ్లూ సంగీతం తన లోపలి నుంచి వస్తోందని అనుకుంది. కాదు. ఆ ఊపిరి వినపడితే వచ్చేది. వినపడకపోతే లేదు.

 కాళ్ల కింద వేదిక లేనట్టయింది. తానెవరో, ఇన్నేళ్లుగా వాయించింది ఎవరో, ఆ క్షణంలో ఆమెకు తెలియలేదు.

సభ అంతా నిశ్శబ్దం.

ఎంతసేపో ఏమో... భయం తట్టుకోలేక వేలు దానంతటదే పడింది.

కచేరీ అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. సుల్తాన్‌గాజీ గారు ఆమె తల నిమిరారు.

"ఎంతసేపు ఆగావమ్మా అక్కడ... నా ఒళ్లు జలదరించింది. ఆ ఆగడం మానకు తల్లీ. వచ్చే తాష్కెంట్ కచేరీలోనూ అలాగే ఆగు."

అది కావాలని ఆగింది కాదని రౌషన్ చెప్పబోయింది.

లీదియా పావ్లోవ్నా వచ్చి ఫ్లాస్కులోంచి టీ పోసింది. 

"అందరూ పొగుడుతున్నారుగా. నోరు మూసుకుని పొగిడించుకో."

తర్వాత గొంతు తగ్గించింది.

"నేను పీలుస్తూనే ఉన్నానే. అంత దూరానికి వినపడదని నాకు తట్టనే లేదు."

ఆ విషయం మళ్లీ ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

తాష్కెంట్. మాస్కో. బెర్లిన్. టోక్యో. ఏ ఊరు వెళ్లినా అదే అడిగారు. ఏ రచనలోనైనా అలాంటి చోటు వస్తే ఆమె ఆగింది. ఆ ఆగడానికి 'రౌషన్ మౌనం' అని జనం పేరు పెట్టారు. ప్రార్థన అని రాశారు పత్రికల వాళ్లు. ఏం ప్రార్థన... చీకట్లో గోడ తడుముకునే మనిషిది ప్రార్థన అవుతుందా. ప్రతి ఊళ్లో ఆమె చెయ్యెత్తి నిజంగానే ఆ ఊపిరి కోసం చెవి ఒగ్గింది. ప్రతి ఊళ్లో భయంతోనే వేలు దించింది.

లీదియా పావ్లోవ్నా పోయిందన్న కబురు దూరదేశంలో అందింది. ఆ రోజు కూడా కచేరీ ఉంది. ఆ రోజు కూడా ఆగింది. జనం ఏడ్చారు.

ఇప్పుడు రౌషన్ తల నెరిసింది. వేళ్లు మొండికేశాయి. అదే గది, అదే కిటికీ. రెండో పియానో దగ్గర ఇప్పుడు ఆమె. మొదటి పియానో దగ్గర తోగ్జాన్ అనే పిల్ల. ఆ పిల్లకూ పెద్ద ఆర్కెస్ట్రాతో మొదటి కచేరీ దగ్గర పడింది. అదే రచన.

నెమ్మది భాగం. రౌషన్ వేళ్ల కింద వయొలిన్లు సన్నగిల్లాయి... ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో చిన్న చప్పుడు.

పిల్ల అందుకుంది. చక్కగా, సరిగ్గా.

రౌషన్ కొయ్యబారిపోయింది. ఆ చప్పుడు తన ముక్కుదే.

"మళ్లీ వాయిద్దాం," అంది. 

వయొలిన్లు సన్నగిల్లాయి. ఆగాయి. ఈసారి రౌషన్ ఊపిరి బిగబట్టింది.

తోగ్జాన్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఏంటండీ, ఆపేశారేం?" అంది పిల్ల.

"నేనేం ఆపానే. అందుకోవలసింది నువ్వు."

"నేనా?" పిల్ల నవ్వింది. "ఏమో, ఇవాళ మీరే ఎలాగో ఉన్నారు. రాత్రి నిద్ర పట్టలేదా?"

రౌషన్ నవ్వలేకపోయింది. చెబుదామని నోరు తెరిచింది. ఏమని చెబుతుంది... చెబితే ఆ పిల్ల ఈ గదిలోనే ఆగిపోతుందేమో. చెప్పకపోతే సభలో ఆగిపోతుంది.

"ఇంకొక్కసారి."

సన్నగిల్లాయి. ఆగాయి.

పిల్ల తనంతట తానే అందుకునే దాకా ఊపిరి పీల్చకూడదని రౌషన్ పెదాలు బిగించింది. ఛాతీ మండుతోంది. పిల్ల చెయ్యి లేచి అలాగే ఉంది.

కిటికీ కింద కాలువ ఇంకా ఎండిపోయే ఉంది. ఆకులు కదలలేదు.